కోసిన పన్ను నాది, బాకీ కూడా నాదేనా?

దేశ పన్ను పాలన చూసే పెద్దలకు, జీతాల్లోంచి పన్ను కోసే యాజమాన్యాలకు, ఓపిక ఉంటే చివరిదాకా చదవమని మా ఊరివాళ్లకు కూడా,

నమస్కారాలు.

నేను 33 ఏళ్లు ప్రైవేటు కళాశాలల్లో కామర్స్ బోధించి రిటైరైన వాణ్ని. బీకాం విద్యార్థులకు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం చెప్పాను. సాయంత్రాలు మా వీధి అరుగు మీద కూర్చుని, తెలిసినవారికి రూపాయి తీసుకోకుండా రిటర్నులు వేసిపెట్టాను. కాఫీ మాత్రం తాగేవాణ్ని. ఆ అరుగు మీద విన్న మాటలూ, నా సొంత కాగితాలూ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. ఇదివరకు చెప్పుకోవలసిన చోట చెప్పుకున్నాను. ఫలితం లేకపోయాకే నలుగురి ముందుకు వస్తున్నాను.

ముందు నా సంగతి.

2019-20లో నేను పనిచేసిన కళాశాల పేరు రాయను. అక్కడ నా జీతం నెలకు 62,000 రూపాయలు. స్టాండర్డ్ డిడక్షన్ 50,000, బీమా, పీఎఫ్ కింద లక్షన్నర పోగా పన్ను లెక్క 22,152 దగ్గర తేలింది. నెలకు 1,846 చొప్పున పన్నెండు నెలలూ యాజమాన్యం నా జీతంలోంచి కోసింది. ప్రతి నెలా జీతం చీటీలో ‘టీడీఎస్’ అన్న గడిలో ఆ అంకె కనిపించేది. బ్యాంకులో పడిన జీతం కూడా అంత మేరకు తగ్గే పడేది. సంవత్సరం చివర ఫారం 16 (ఏడాదిలో ఎంత పన్ను కోసి కట్టారో చెప్పే ధ్రువపత్రం) అడిగితే, కళాశాల లెటర్‌హెడ్ మీద టైపు చేసి గుండ్రటి ముద్ర వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. అసలు ఫారం 16లో మొదటి భాగం పన్ను శాఖ ట్రేసెస్ వెబ్‌సైటు నుంచి దిగుమతి చేసుకున్నదే అయి ఉండాలి. కామర్స్ మాస్టారునైన నాకు ఆ ముద్ర చూడగానే అనుమానం రావాలి. వచ్చింది కూడా. యాజమాన్యాన్ని నిలదీసే వయసూ కాదు, కాలమూ కాదు. అది కరోనా తొలి వేసవి. ఉద్యోగం ఉండటమే పండగలా ఉన్న రోజులు.

రిటర్ను వేశాను. వచ్చిన ఆదాయం మొత్తం చూపించాను. కొన్ని నెలలకు పన్ను శాఖ నుంచి డిమాండు, అంటే బాకీ కట్టమనే నోటీసు, వచ్చింది. నా పాన్ మీద కోత పద్దు సున్నా అని, 22,152 పన్నుకు 3,500 పైచిలుకు వడ్డీ కలిపి మొత్తం 25,700 కట్టాలని అందులో ఉంది. నా దగ్గర కోసిన సొమ్ము ఖజానాకు చేరలేదన్నమాట. కళాశాల కార్యాలయంలో అడిగితే ఆడిటరు గారిని అడగమన్నారు. ఆడిటరు గారిని అడిగితే యాజమాన్యం డబ్బు ఇవ్వలేదన్నారు. ఆ తరువాత యాజమాన్యం మారింది, కళాశాల పేరూ మారింది. కంచే చేను మేసింది. నష్టపోయిన రైతు దగ్గరే శిస్తు అడుగుతున్నారు.

ఇక్కడ చట్టం ఏమంటుందో పాఠంలా కాకుండా రెండు ముక్కల్లో చెబుతాను. 1961 నాటి పాత చట్టపు సెక్షన్లతోనే రాస్తున్నాను, ఎందుకంటే నా డిమాండు ఆ చట్టం కిందే పుట్టింది. 199వ సెక్షన్, దానికి సంబంధించిన నిబంధనల ప్రకారం, కోసిన పన్ను ప్రభుత్వానికి చేరితేనే ఉద్యోగి ఖాతాలో జమ పడుతుంది. 205వ సెక్షన్ ప్రకారం, ఆదాయంలోంచి ఎంత మేరకు పన్ను కోశారో అంత మేరకు ఆ వ్యక్తిని మళ్లీ పన్ను కట్టమని అడగకూడదు. రెండూ ఒకే చట్టంలో, ఒకే అధ్యాయంలో ఉన్నాయి. కంప్యూటర్‌కు 199 నేర్పారు, 205 నేర్పలేదు.

నేర్పాలని మీకు తెలియదని అనను. ఉద్యోగి దగ్గర కోసిన మేరకు డిమాండును బలవంతంగా వసూలు చేయవద్దని 2015 జూన్ 1న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డే తన అధికారులకు రాసింది. 2016 మార్చి 11న అదే మాట మరోసారి చెప్పింది. 2007లో బాంబే హైకోర్టు ఇదే తీర్పిచ్చింది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, అలాంటి డిమాండును తరువాతి రిఫండులో సర్దుబాటు చేసుకోవడం కూడా దొడ్డిదారి వసూలే అవుతుందని తేల్చింది. అయినా 2021-22కు నాకు రావలసిన 9,340 రూపాయల రిఫండు ఆ పాత బాకీలో కలిసిపోయింది. 2024-25లో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద కోసిన 6,200 కూడా అదే దారి పట్టింది. (వడ్డీ మీద పన్ను కోయవద్దని బ్యాంకుకు చెప్పే 15హెచ్ ఫారం ఇవ్వడం మరిచిన తప్పు నాదే. నలుగురికి గుర్తుచేసే వాణ్ని, నాకు నేను గుర్తుచేసుకోలేదు.) మూడుసార్లు ఫిర్యాదు పెట్టాను. జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేశాను. మూడుసార్లూ ‘ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని ముగించారు. పరిష్కారం ఏమిటని తెరిచి చూస్తే, ‘మీ యజమానిని సంప్రదించండి’ అని ఉంది.

నా ఒక్కడి 25,700 కోసం అయితే ఈ లేఖ రాసేవాణ్ని కాదు. ఆ ఏడాది మా కళాశాలలో ఇలా చిక్కుకున్నవాళ్లం పదకొండు మందిమి. ఈ వ్యవహారం మా ఇళ్లలో, మా వీధిలో ఏం చేసిందో వరుసగా చెబుతాను.

1. మాలో నలుగురు రెండోసారి కట్టేశారు. తప్పు ఒప్పుకుని కాదు, అవసరం పడి. ఫిజిక్స్ మాస్టారు ఇంటి రుణానికి వెళ్తే, బ్యాంకులో మూడేళ్ల రిటర్నులు చూసి, పన్ను శాఖ పోర్టల్‌లో కనబడుతున్న బాకీ సంగతి తేల్చుకుని రమ్మన్నారు. కొడుకును చూడటానికి అమెరికా వెళ్లాల్సిన ఇంగ్లీషు మేడం, వీసా కాగితాల్లో ఎక్కడ అడ్డు వస్తుందోనని కట్టేశారు. అడ్డు వచ్చేది కాదని నేను చెప్పాను. ‘వచ్చాక మీరు వస్తారా మాస్టారూ కాన్సులేట్‌కు?’ అన్నారు ఆవిడ. నా దగ్గర జవాబు లేదు. జీతంలో ఒకసారి, జేబులోంచి ఒకసారి. అలా కట్టినవాళ్ల లెక్క మీ పట్టికలో ‘వసూలైంది’ అనే కనిపిస్తుంది.

2. లెక్కల మాస్టారు కరోనా రెండో అలలో, 2021 మేలో, పోయారు. ఆయన పేరిట 19,000 చిల్లర డిమాండు ఉంది. ఆయన భార్య ఏడో తరగతి వరకు చదివారు. తెలుగు చక్కగా రాస్తారు, ఇంగ్లీషు రాదు. భర్త ఫోనును ఆవిడ తీసేయలేదు. అందులో ఆయన గొంతు రికార్డులు ఉన్నాయి. ఆ ఫోనులోకే డిమాండు గుర్తుచేసే సందేశం వచ్చేది. ఒకరోజు ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చి, ‘అన్నయ్యా, ఈయన ఎవరికైనా బాకీ పడి పోయారా?’ అని అడిగారు. ఆయన జీవితంలో చేబదులు తీసుకోని మనిషి. నేను చదివి చెప్పాను. వారసురాలిగా పోర్టల్‌లో నమోదు కావాలని, దానికి మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, ఆయన పాన్, ఈవిడ పాన్ కావాలని చెప్పాను. ఈవిడకు పాన్ లేదు. పాన్ తీశాం. తహసీల్దారు కార్యాలయం చుట్టూ నాలుగు నెలలు తిరిగి వారసత్వ పత్రం తెచ్చాం. నమోదు అయింది. నమోదు అయ్యాక జరిగింది ఏమిటంటే, అదే నోటీసు ఇప్పుడు ఈవిడ ఫోనుకు కూడా వస్తోంది. చనిపోయినవారి బాకీకి వారసులు చేతికి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులని చట్టంలో ఉంది. అసలు అది ఆయన బాకీయే కాదని కూడా అదే చట్టంలో ఉంది. ఆవిడ మాత్రం పుస్తెల్లోంచి ఒక కాసు తాకట్టు పెట్టి కట్టేద్దామా అని అడుగుతున్నారు. నేను వద్దంటున్నాను. ఎన్నాళ్లు వద్దనగలనో తెలియదు.

3. వీధి నేర్చుకున్న పాఠం ఉంది, మీరు నిజంగా భయపడవలసింది దీనికి. మా ఇంటి ఎదుట టిఫిన్ హోటల్ నడిపే ఆయన రోజుకు కనీసం మూడొందల మందికి ఇడ్లీ, పెసరట్టు పెడతాడు. ఖర్చులు పోగా ఆయన మిగుల్చుకునేది నా పాత జీతం కన్నా ఎక్కువని ఇద్దరికీ తెలుసు. ఆయన రిటర్ను వేయడు. పదేళ్లుగా నేను నచ్చచెబుతూనే ఉన్నాను. నా డిమాండు కథ విన్నాక నవ్వి, ‘అడుసు తొక్కనేల కాలు కడుగనేల మాస్టారూ!’ అన్నాడు. ఆదాయం చెప్పడమే ఆయన దృష్టిలో అడుసు తొక్కడం. ఆ మాటకు నేను బీకాం మూడు సంవత్సరాల సిలబస్‌లోంచి ఒక్క సమాధానం కూడా వెతుక్కోలేకపోయాను.

4. రిటర్ను వేస్తే పథకాలు పోతాయన్న భయం ఒకటుంది. కిందటి ఏడాది ఆదాయపు పన్ను కట్టినవారికి పీఎం కిసాన్ రాదు. మా రాష్ట్రంలో చాలా పథకాలకు ఇంట్లో ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు వంటి షరతులు పెట్టారు. షరతులు తప్పని అనను. కానీ రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. ఏడు లక్షల లోపు ఆదాయానికి రిబేటు పోగా సున్నా పన్నుతో రిటర్ను వేసినవారున్నారు. ఇప్పుడు కొత్త పన్ను విధానంలో పన్నెండు లక్షల దాకా పన్ను సున్నాయే. ఈ తేడా వార్డు సచివాలయం మెట్ల మీద ఎవరూ చెప్పరు. కుట్టుపని చేసే ఒక అమ్మాయి కుట్టుమిషన్ల రుణం కోసం రిటర్ను వేయించుకుని, మరునాడు వాళ్ల అత్తగారి పింఛను ఎక్కడ పోతుందోనని ఏడుస్తూ వచ్చి, ‘వేసింది వెనక్కి తీయండి’ అంది.

5. నిజమైన నోటీసేదో, దొంగ సందేశమేదో తెలియని స్థితి. ‘మీ రిఫండు 15,490 మంజూరైంది, ఈ లింకు నొక్కండి’ అన్న సందేశాలు నెలకు రెండు వస్తాయి. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి పత్రం మీద గుర్తింపు సంఖ్య ఉండాలన్న నియమం వచ్చింది. ఆ సంఖ్యను పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. మంచి నియమం. నేను చెప్పేదాకా మా వీధిలో ఒక్కరికీ తెలియదు. ఇంగ్లీషులో వచ్చిన అసలు నోటీసును మోసమనుకుని వదిలేసినవాళ్లూ, మోసాన్ని నోటీసనుకుని బ్యాంకు ఖాతా ఊడ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇంతవరకు మీ గురించి. ఇప్పుడు మా గురించి కూడా చెప్పకపోతే ఈ లేఖ నిజాయితీ గలది కాదు.

మేమేమీ ముత్యాలం కాము. స్థలం కొంటే రిజిస్ట్రేషన్ కాగితంలో ప్రభుత్వ విలువ రాసి, మిగిలింది సంచిలో ఇస్తాం. రుణం కావలసినప్పుడు ఆదాయం పెంచి చూపిస్తాం, రుణం తీరగానే ఆదాయం కూడా తీరిపోతుంది. కూతురి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయికి జీతం కాక పైన ఎంత వస్తుందని అడుగుతాం. అడిగినవాళ్లే రాత్రి టీవీలో ఐటీ దాడులు చూస్తూ ఆ నోట్ల కట్టలు లెక్కపెడతాం. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నమాట మన నోట పుట్టిందే.

అంతకన్నా సిగ్గుపడవలసింది రిఫండుల వ్యాపారం. కట్టని ఇంటి అద్దె, చదవని చదువుకు విద్యా రుణం, ఇవ్వని పార్టీ విరాళం చూపించి రిఫండు తెప్పిస్తామని, అందులో తమకు వాటా ఇవ్వమని తిరిగే మధ్యవర్తులు మన హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ దొరికారు. వాళ్ల దగ్గరకు వెళ్లింది చదువులేని వాళ్లు కాదు, నెల జీతగాళ్లే. 2025 జులైలో దేశంలో 150 చోట్ల సోదాలు జరిపినప్పుడు, అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు మినహాయింపులు వెనక్కి తీసుకున్నారని శాఖే ప్రకటించింది. అలాంటి రిటర్ను వేయమని నా దగ్గరకూ వచ్చారు. ఒక పాత విద్యార్థి, పోలీసు ఉద్యోగి, ‘అందరూ చేస్తున్నదే కదండీ సార్’ అన్నాడు. కాఫీ తాగించి పంపేశాను. అతను ఇంకొకరి దగ్గర వేయించుకుని ఉంటాడు.

అయితే ఈ బుద్ధి ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1973-74లో ఆదాయపు పన్ను పై అంచె సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం ఉండేది. వంద సంపాదిస్తే రెండు రూపాయల పావలా మిగులుతుందంటే, నిజం చెప్పేవాడు ఎవడు? దాచడం అప్పుడు తెలివి అయింది, తరువాత అలవాటయింది. 1997లో స్వచ్ఛంద వెల్లడి పథకం పెట్టి, ఏళ్ల తరబడి దాచిన ఆదాయం మీద వ్యక్తులు 30 శాతం కడితే చాలు, వడ్డీ లేదు, జరిమానా లేదన్నారు. 1987కు ముందు కొన్న నగలకు 1987 ఏప్రిల్ నాటి ధర కడితే చాలన్నారు. అదే ఆదాయాన్ని ఆయా ఏళ్లలో నిజాయితీగా చెప్పినవాళ్లు 40 శాతం, అంతకుముందు ఇంకా ఎక్కువ కట్టారు. అప్పుడు నేను చిన్న జీతపు లెక్చరర్‌ని. మా ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూంలో పేపరు మడిచి పెట్టి, ‘మనం తొందరపడ్డామయ్యా’ అన్నారు. అంతే అన్నారు. 2016లో మళ్లీ ఒక పథకం పెట్టారు, ఈసారి 45 శాతం. రేటు పెరిగింది గానీ, దాచుకున్నవాడికి ఎప్పుడో ఒక తలుపు తెరుస్తారన్న నమ్మకం ఊళ్లో గట్టిపడింది.

మరి చెప్పుకున్నవాడికి ఏ తలుపు ఉంది? 2003లో ఆదాయపు పన్ను అంబుడ్స్‌మన్ (పన్ను ఫిర్యాదులు వినే అధికారి) వ్యవస్థ పెట్టారు. 2019 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం దాన్ని రద్దు చేసింది. 2020 ఆగస్టు 13న పన్ను చెల్లింపుదారుల హక్కుల పత్రం విడుదల చేశారు. అందులో శాఖ ఇచ్చిన హామీలు పద్నాలుగు, మా నుంచి ఆశించేవి ఆరు. పన్ను చెల్లింపుదారుణ్ని నిజాయితీపరుడిగానే చూస్తామన్నది మొదటి హామీల్లోనే ఉంది. సరైన మొత్తమే వసూలు చేస్తామన్నది ఇంకొకటి. నేను ఆ పత్రాన్ని ప్రింటు తీసి అరుగు గోడకు అంటించాను. మా మనవడు చదివి, ‘తాతయ్యా, దీనికి కస్టమర్ కేర్ నంబరు లేదా?’ అన్నాడు.

మీరు మంచి పనులేవీ చేయలేదని అనడం లేదు. రిఫండు ఒకప్పుడు ఏడాది పట్టేది, ఇప్పుడు కొందరికి పదిరోజుల్లో పడుతోంది. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 2009-10 వరకు 25,000 లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు 10,000 లోపు పాత డిమాండులు ఎత్తేశారు. వాటిలో కొన్ని 1962 నాటివని చెప్పారు. అది విన్నరోజు నేను లెక్క చూసుకున్నాను. నాది 25,700, పైగా 2019-20ది. రెండు గడపలకూ బయటే ఉన్నాను. నిజానికి నాకు మాఫీ అక్కర్లేదు. మాఫీ తీసుకుంటే బాకీ ఉన్నట్టు ఒప్పుకున్నట్టే.

ఇక మా కోరికలు. ఇవి దయ కాదు, చాలావరకు మీ కాగితాల్లో ఇప్పటికే ఉన్నవే.

1. జీతం చీటీ, బ్యాంకులో జీతం పడిన వివరం ఉద్యోగి జతచేస్తే, కోసిన మేరకు ఆ డిమాండును ఉద్యోగి పాన్ మీదినుంచి తీసి యజమాని టాన్ (పన్ను కోసేవారికి శాఖ ఇచ్చే సంఖ్య) మీదికి మార్చే ఏర్పాటు పోర్టల్‌లోనే ఉండాలి. కోసి కట్టనివాడి మీద నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ వేసే అధికారం, పాత చట్టం 276బి కింద మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడగల కేసు కోర్టులో పెట్టే అధికారం మీకున్నాయి. కోసిన చెయ్యి ఎవరిదో, దాని చిరునామా ఏమిటో మీ రికార్డులోనే ఉంది. దాన్ని వదిలి తెగిన జేబు మీద పడటం ఎందుకు? 205 అధికారి దయ మీద ఆధారపడకుండా, కంప్యూటర్ లెక్కలోనే పడాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. 536 సెక్షన్లకు కుదించారు, సులభమైన భాషలో రాశారు. సంతోషం. పాత చట్టపు డిమాండులు మాత్రం అలాగే మా మెడకు వేలాడుతున్నాయి.

2. ఇప్పటికే ఇలాంటి డిమాండుల కింద సర్దుబాటు చేసుకున్న రిఫండులను వడ్డీతో తిరిగి ఇవ్వండి. వడ్డీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, మేము ఆలస్యం చేస్తే నెలకు ఒక శాతం, మీరు ఆలస్యం చేస్తే అర శాతం, ఈ తక్కెడ ఏ అంగడిలోది? రెండూ సమానం చేయండి.

3. జీతంలో కోసిన పన్ను జమ అయిందా లేదా అన్నది ఉద్యోగికి ఫోనులో తెలియాలి. జీతగాళ్లకు టీడీఎస్ సందేశాలు పంపే సేవను 2016 అక్టోబరులోనే ఘనంగా ప్రారంభించారు. నేను రిటర్నులు వేసిపెట్టిన వారిలో ఒక్కరికీ ‘మీ యజమాని కోశాడు, కట్టలేదు’ అన్న సందేశం వచ్చినట్టు నేను చూడలేదు. కట్టారని చెప్పే సందేశం వల్ల లాభం కొంచెమే. కట్టలేదని చెప్పేది కావాలి, అదీ ఏడాది చివర కాదు, ఆ మూడు నెలల్లోపే. అప్పుడైతే ఉద్యోగి ఇంకా ఆ కుర్చీలోనే ఉంటాడు, యజమానీ ఊళ్లోనే ఉంటాడు.

4. ఫిర్యాదును ముగించేటప్పుడు ముగించిన అధికారి పేరు, కారణం తెలుగులో ఉండాలి. ఫిర్యాదుదారు ఒప్పుకోకపోతే అది పై అధికారి దగ్గరకు దానంతట అదే వెళ్లాలి. రద్దు చేసిన అంబుడ్స్‌మన్‌ను, ఈసారి నోటికి పళ్లు కూడా పెట్టి, తిరిగి నిలపండి.

5. నోటీసు, డిమాండు, వారసుల నమోదు పత్రం తెలుగులో ఇవ్వండి. ఓటు అడిగే కరపత్రం తెలుగులో వస్తుంది, పన్ను అడిగే కాగితం ఎందుకు రాదు?

6. చనిపోయినవారి పేరిట ఉన్న కోత-డిమాండులను వారసులు అడగకముందే మీరే పరిశీలించి తీసేయండి. దీనికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు.

7. రిటర్ను వేసినంత మాత్రాన ఏ పథకమూ పోదని, పన్ను కట్టినవారికే ఆ షరతు వర్తిస్తుందని గ్రామ, వార్డు సచివాలయాల్లో రాసి పెట్టించమని రాష్ట్ర ప్రభుత్వంతో మాట్లాడండి. ఆ ఒక్క బోర్డు వంద ప్రకటనల పని చేస్తుంది.

యాజమాన్యాలకు రెండు మాటలు. జీతం చీటీలో కోత చూపించి ఆ డబ్బు వాడుకోవడాన్ని మీరు ‘సర్దుబాటు’ అంటారు. ఉద్యోగి భోజనం డబ్బాలోంచి తీసి తినడం అది. కోసింది వచ్చే నెల 7వ తేదీలోపు కట్టాలి, మార్చి నెలది ఏప్రిల్ 30లోపు. మీ దగ్గర లేకపోతే కోయకండి. కోయకపోతే మా పన్ను మేమే కట్టుకుంటాం.

ఊరివాళ్లకు: ప్రతి మూడు నెలలకు ఒకసారి, మీ పాన్ మీద జమైన పన్ను చూపే పట్టిక (26ఏఎస్ అని పిలుచుకునేది) పోర్టల్‌లో తెరిచి చూసుకోండి. జీతం చీటీలు, బ్యాంకు పాసుపుస్తకం పారేయకండి. లెటర్‌హెడ్ మీద టైపు చేసిన ఫారం 16 తీసుకోకండి, నాలాగా మొహమాటపడకండి. రిఫండులో వాటా అడిగేవాడికి పాస్‌వర్డ్ ఇవ్వకండి. ఇందులో దేనికైనా సాయం కావాలంటే అరుగు మీదే ఉంటాను, ఆరు గంటల తరువాత.

టిఫిన్ హోటల్ ఆయన కిందటి వారం ఒక కాగితం మీద లెక్క రాసుకుని వచ్చాడు. కూతురు ఇంజనీరింగ్‌లో చేరుతోంది, విద్యా రుణానికి తండ్రి రిటర్నులు కావాలన్నారట. ‘మొత్తం చూపించమంటారా మాస్టారూ, కొంచెమే చూపించమంటారా?’ అని అడిగాడు. మొత్తం చూపించమన్నాను. నా వంక అదోలా చూసి, ‘మీరే చెబుతున్నారా?’ అన్నాడు. లెక్క ఇంకా నా బల్ల మీదే ఉంది. గడువులోపు ఆయనది వేయాలి, నాదీ వేయాలి. నాకు ఈసారి 4,120 రిఫండు రావాలి. అది ఏ ఖాతాలో పడుతుందో ఆయన కూడా చూస్తూ ఉంటాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా

జతపరచినవి: పన్నెండు నెలల జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు, ముద్ర వేసిన ఆ కాగితం, ముగిసిపోయిన మూడు ఫిర్యాదులు.